ప్లేట్‌లెట్ల లెక్కలో పడి కిడ్నీని మరిచిపోతున్నాం

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఆశా కార్యకర్తలు, గ్రామీణ వైద్యులు, మందుల షాపుల వారు హాజరైన సమావేశంలో ఒక కిడ్నీ వైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే. భోజనాల తర్వాత నన్ను పెట్టారు, మీరు నిద్రపోరనే నమ్మకంతో మొదలుపెడతాను.

కిడ్నీ గురించి ఉద్దానంలో మాట్లాడాలంటే నాకు కొంచెం భయమే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే అంకె అని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్ద పెద్ద నగరాల్లో చదువుకున్నవాళ్లు కూడా ఆ మాట దగ్గర తడుముకుంటారు. ఇక్కడ కొబ్బరికాయలు దింపే మనిషి వచ్చి "సార్, నాది రెండు పాయింట్ ఒకటి" అని తనే చెబుతాడు. మీకు తెలిసిన ఆ పాత కిడ్నీ జబ్బు జోలికి ఇవాళ ఎక్కువ వెళ్లను. వానలు పడ్డాక వచ్చే డెంగీలో కిడ్నీ ఎలా దెబ్బతింటుంది, అందులో మన చేతిలో ఉన్నదెంత, అది చెప్పి దిగిపోతాను.

డెంగీ అనగానే అందరి నోటా ఒకటే అంకె. ప్లేట్‌లెట్లు. పొద్దున ఎనభై వేలు, సాయంత్రానికి అరవై వేలు అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. బొప్పాయి ఆకు రసం, కివీ పండు, మేకపాలు, బ్లడ్ బ్యాంకు చుట్టూ పరుగులు. ప్లేట్‌లెట్లు చూడొద్దని నేననను. కానీ డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారిపోవడం. రక్తస్రావం ఎక్కువగా దాని వెనకాల వస్తుంది. సింగపూర్, మలేసియా ఆస్పత్రుల్లో ఒక పరిశోధన చేశారు, 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ప్లేట్‌లెట్లు 20 వేలు, అంతకన్నా తక్కువ ఉండి, పెద్దగా రక్తస్రావం లేని వయోజనులను తీసుకున్నారు. సగం మందికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. ఎక్కించినవాళ్లలో రక్తస్రావం ఏమీ తగ్గలేదు. దద్దుర్లు, దురదల్లాంటి ఇబ్బందులు మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చాయి. ఇంత తెలిసినా మనం ఆ అంకె వెనకే పరిగెడుతున్నాం. ఈలోగా మూత్రం పోయడం తగ్గిపోయింది, ఆ సంగతి ఎవరూ అడగరు. రోగి కూడా చెప్పడు.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. డెంగీ వైరస్ ఒంట్లో పెరిగేటప్పుడు ఎన్.ఎస్.1 అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. మనం మొదటి రోజుల్లో ల్యాబులో చేయించే టెస్టు దాని కోసమే. ఆ ప్రొటీన్, దాంతోపాటు మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే హడావుడి, రెండూ కలిసి రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తాయి. రక్తంలో ఉండాల్సిన నీరు, ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరతాయి. కాలువ గట్టుకి గండి పడితే నీళ్లన్నీ పక్క చేలల్లోకి పోతాయి కదా, శివారు పొలం ఎండుతుంది. నీళ్లు ఊళ్లోనే ఉన్నాయి, కాలువలో లేవు. కిడ్నీ ఆ శివారు పొలం. గుండె పంపే రక్తంలో అయిదో వంతు దాకా కిడ్నీలకే వెళ్లాలి. అది తగ్గితే ముందు మూత్రం తగ్గుతుంది. ఇంకొన్ని గంటలు అలాగే ఉంటే కిడ్నీలోని సన్నటి గొట్టాల కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది.

ఇది ఏ రోజు జరుగుతుంది? చాలామంది పొరపడేది ఇక్కడే. జ్వరం నూట మూడు, నూట నాలుగు ఉన్న రోజుల్లో కాదు. జ్వరం దిగిన రోజు. జ్వరం మొదలైన రోజును ఒకటి అనుకుంటే, సుమారు నాలుగో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో జ్వరం దిగుతుంది. అక్కడి నుంచి 24 నుంచి 48 గంటలు ప్రమాద కాలం. మన ఊళ్లలో ఏం చేస్తారు? జ్వరం తగ్గిందని తలకి పోసుకుంటారు, కోడికూర వండుతారు, పెద్దాయన పొలానికో సంతకో బయలుదేరతాడు. ఆశా కార్యకర్త కూడా రిజిస్టర్‌లో "జ్వరం తగ్గింది" అని రాసుకుని పక్కింటికి వెళ్తుంది. అమ్మా, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మీకు ఫారం అలా ఇచ్చారు. కానీ మీరు రెండోసారి వెళ్లాల్సిన రోజు అదే.

ఒక మనిషి సంగతి చెబుతాను. పేరు, ఊరు అక్కర్లేదు. నలభై దాటిన తాపీమేస్త్రి. సుగర్ లేదు, బీపీ లేదు. జ్వరం, ఒళ్లంతా నొప్పులు. రెండో రోజు నడుముకి ఒక ఇంజెక్షన్ చేయించుకున్నాడు, హాయిగా ఉందని మూడో రోజూ చేయించుకున్నాడు. రెండూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. అయిదో రోజు జ్వరం దిగింది. ఆ సాయంత్రం నుంచి వాంతులు, పొట్టలో నొప్పి. గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్ర వేసుకున్నాడు. ఆరో రోజు మధ్యాహ్నం మా దగ్గరికి తెచ్చేసరికి చేతులు చల్లగా ఉన్నాయి. బీపీ 90 బై 74. పైదానికీ కిందదానికీ తేడా పదహారే, రక్తప్రసరణ పడిపోతోందనడానికి అది గుర్తు. మనిషి తెలివిలోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, అందుకే ఇంట్లోవాళ్లకి పెద్దగా అనుమానం రాలేదు. ప్లేట్‌లెట్లు 58 వేలు. పీసీవీ, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె, 52. క్రియాటినిన్ 3.4. మూత్రం ఎప్పుడు పోశావయ్యా అంటే భార్య వంక చూశాడు, ఆవిడ నా వంక చూసింది. ట్యూబు వేస్తే వచ్చింది కొంచెమే, అదీ డికాషన్ రంగులో.

ఆ డికాషన్ రంగు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ల్యాబు నడిపే తమ్ముళ్లు ఇక్కడ ఉన్నారు కదా, వాళ్లు కూడా వినాలి. ఆయన మూత్రంలో స్ట్రిప్పు ముంచితే "బ్లడ్" గడి ముదురు ఆకుపచ్చగా మారింది. అదే మూత్రాన్ని మైక్రోస్కోపు కింద పెడితే ఎర్ర కణాలు దాదాపు లేవు. రెండూ ఒకేసారి ఎలా? స్ట్రిప్పుకి ఎర్ర కణమైనా, కండరం చిట్లి వచ్చే మయోగ్లోబిన్ అయినా ఒకటే, రంగు మారుతుంది. అంటే ఆయన కండరాలు దెబ్బతిని, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలోకి వచ్చి కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడుతోంది. సీపీకే అనే టెస్టు చేస్తే వేలల్లో ఉంది. డెంగీకి ఎముకలు విరిచే జ్వరమని పేరుంది, కొందరిలో అది కండరాలను నిజంగానే కరిగిస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్లలో ఎర్ర కణాలే చిట్లిపోవచ్చు, అప్పుడు కూడా మూత్రం ఇలాగే నల్లబడుతుంది. కాబట్టి తమ్ముడూ, స్ట్రిప్పు బ్లడ్ చూపించి, కింద కణాలు కనపడకపోతే "టెస్టు తప్పు" అని కొట్టేయొద్దు. రిపోర్టులో రెండూ రాయి.

ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఇంటివాళ్లు రోజూ నన్ను అడిగింది ఒకటే. ప్లేట్‌లెట్లు ఎంతకొచ్చాయి సార్? అవి వాటంతటవే పెరిగాయి. కిడ్నీ మాత్రం చాలా రోజులు తీసుకుంది. కొన్ని డయాలసిస్‌లు పడ్డాయి. తర్వాత మూత్రం మెల్లగా వచ్చింది, మూడు నెలలకి క్రియాటినిన్ 1.2 అయింది, మళ్లీ తాపీ పట్టాడు.

ఇలా ఎంతమందికి అవుతుంది అంటే, అధ్యయనాల్లో లెక్క ఒకేలా లేదు. డెంగీ వచ్చిన నూరు మందిలో ఒకరికే అన్నవి ఉన్నాయి, ముప్పై పైన అన్నవీ ఉన్నాయి. మామూలు జ్వరంతో వచ్చినవాళ్లను లెక్కపెడితే ఒకలా, ఐసీయూలో ఉన్నవాళ్లను లెక్కపెడితే ఇంకోలా వస్తుంది. కొలత కూడా ముఖ్యమే. 2012 నుంచి మేం వాడే కొలత ప్రకారం, రెండు రోజుల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే. 0.8 ఉన్న మనిషికి 1.2 వచ్చిందనుకోండి, ల్యాబు కాగితం మీద అది నార్మల్ లోనే ఉంటుంది, ఎర్ర అక్షరాల్లో రాదు. కానీ అది దెబ్బే. ఇంకో తిరకాసు, క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. కిడ్నీ ఇవాళ దెబ్బతింటే అంకె రేపో ఎల్లుండో చెబుతుంది. మూత్రం ఇవాళే చెబుతుంది. కిడ్నీ దెబ్బతిన్న డెంగీ రోగుల్లో మరణాలు ఎక్కువ, ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులూ ఎక్కువ అన్నదాంట్లో మాత్రం అధ్యయనాలన్నీ ఒక్కటే మాట.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ సంగతి. ఇక్కడ గ్రామీణ వైద్యులు చాలామంది ఉన్నారు. అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది మీరే, అది నాకు తెలుసు. అందుకే సూటిగా చెబుతున్నాను, కోప్పడకండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, నిమెసులైడ్, ఆస్పిరిన్, ఈ గుంపంతా డెంగీలో వద్దు. జ్వరం ఏదో తేలేదాకా కూడా వద్దు. ఎందుకో చెబుతాను. కిడ్నీలోకి రక్తం తెచ్చే చిన్న నాళం ఒకటుంటుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, బీపీ పడినప్పుడు, ఆ నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. నొప్పి, వాపు కలిగించేది కూడా ఆ కుటుంబమే. పెయిన్ కిల్లర్ ఆ కుటుంబం మొత్తాన్ని ఆపేస్తుంది. నొప్పి పోతుంది, నిజమే. దాంతోపాటు కిడ్నీ నాళం ముడుచుకుంటుంది. నీళ్లు బాగా తాగి బలంగా ఉన్న కుర్రాడికి ఒక మాత్రతో ఏమీ కాకపోవచ్చు. డెంగీ నాలుగో రోజున, వాంతులవుతూ, ప్లాస్మా కారిపోతున్న మనిషికి అదే మాత్ర చాలు. పైగా ఈ మందులు పొట్టలో పుండు చేస్తాయి, ప్లేట్‌లెట్ల పని చెడగొడతాయి.

నడుముకి పొడిచే సూదితో ఇంకో ఇబ్బంది ఉంది. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నప్పుడు కండలోకి సూది దింపితే లోపల రక్తం గడ్డకట్టి వాచిపోతుంది. డెంగీ అనుమానం ఉంటే కండకి ఇంజెక్షన్ ఏదైనా సరే మానేయాలి.

డైక్లోతో పాటు డెక్సా కూడా కలిపి ఇవ్వడం మామూలైపోయింది. స్టెరాయిడ్‌తో జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, ఆకలి వేస్తుంది, రోగి మిమ్మల్ని దేవుడంటాడు. డెంగీలో స్టెరాయిడ్ వల్ల లాభం ఉందని తేలలేదు. సుగర్ ఉన్నవాళ్లకి అది మూడు వందలు, నాలుగు వందలకి పోతుంది, మూత్రంలో సుగర్‌తో పాటు నీళ్లూ పోతాయి. జ్వరం ఏ రోజు దిగిందో తెలియక ప్రమాద కాలం ఎప్పుడో కూడా గుర్తుపట్టలేం. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి సూదులు కిడ్నీకి నేరుగా విషం. డెంగీ వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు కూడా.

మరి ఏమివ్వాలి? పారాసిటమాల్. ఆరు గంటలకొకసారి, అదీ అవసరమైతేనే. పెద్దవాళ్లకి రోజుకి మూడు గ్రాములు దాటకూడదు. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకి చిటికెడు చొప్పున కాదు. మజ్జిగ, గంజి, ఉప్పు వేసిన నిమ్మరసం, ఏది దిగితే అది. గుండె, కిడ్నీ జబ్బులు లేని పెద్దవాళ్లు రోజుకి రెండు, రెండున్నర లీటర్ల ద్రవాలు తాగగలిగితే చాలామందికి సెలైన్ అక్కర్లేదు.

తాగినది సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? కొలవండి. లెక్క తేలికే. మనిషి బరువులో ప్రతి కిలోకీ గంటకి అర ఎం.ఎల్. మూత్రం రావాలి. అరవై కిలోల మనిషికి గంటకి ముప్పై. ఆరు గంటలకి 180 ఎం.ఎల్. 180 అంటే ఎంతో మగవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, క్వార్టర్ సీసా. (నవ్వులు) నవ్వండి, కానీ గుర్తుపెట్టుకోండి. ఆరు గంటల్లో క్వార్టర్ సీసా నిండకపోతే ఆ మనిషి ఆస్పత్రిలో ఉండాలి. అది కనీసం మాత్రమే, డెంగీ మనిషికి అంతకన్నా ఎక్కువే రావాలని కోరుకుంటాం. మగవాళ్లకి లీటరు వాటర్ బాటిల్ మీద పావు లీటరుకొక గీత పెట్టి ఇవ్వండి. ఆడవాళ్లకి మూతి వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బా. గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, తేదీ గడిలోనే టైము, ఎంత వచ్చింది, ఏ రంగు అని రాయించండి. కొలవడం కుదరకపోతే కనీసం టైము చూడండి. మెలకువగా ఉన్న మనిషి నాలుగు నుంచి ఆరు గంటలపాటు అసలు మూత్రానికి వెళ్లకపోతే ఇక ఇంట్లో ఉంచొద్దు. దాంతోపాటు మిగతా హెచ్చరికలు మీకు తెలిసినవే: ఆగని వాంతులు, పొట్టలో గట్టి నొప్పి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం లేదా తెగ విసుగు, ఆయాసం.

సెలైన్ గురించి. ఇక్కడ రెండు వైపులా తప్పు జరుగుతోంది, పెద్ద ఆస్పత్రులు కూడా దీనికి మినహాయింపు కాదు. మొదటిది, రకం. నీరసంగా ఉందంటే గ్లూకోజ్ బాటిల్ పెడతారు. రక్తనాళంలో నిలవాల్సిన చోట అది నిలవదు. డెంగీలో కావాల్సింది నార్మల్ సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ. రెండోది, ఎంతసేపు. కారిపోవడం ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. ఆ తర్వాత బయటికి పోయిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు మూత్రం ధారాళంగా రావాలి. సరిగ్గా ఆ సమయంలో, "ప్లేట్‌లెట్లు ఇంకా పెరగలేదు" అని బాటిల్ మీద బాటిల్ నడిపిస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే ఆ నీరు బయటికి పోయే దారే లేదు. అయిదో రోజు నీరు తక్కువై ప్రమాదంలో పడిన మనిషే ఎనిమిదో రోజు నీరు ఎక్కువై ఆయాసంతో వెంటిలేటర్ ఎక్కడం నేను చూశాను. సెలైన్ మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో, ఆపడమూ అంతే ముఖ్యం. బాటిల్ వేగాన్ని పీసీవీ, బీపీ, నాడి, మూత్రం చూసి గంట గంటకీ మార్చాలి. అందుకే బీపీ పడిన డెంగీ మనిషికి మీ గదిలో బల్ల మీద వైద్యం వద్దు. ఒక సెలైన్ పెట్టి, అది నడుస్తుండగానే 108 ఎక్కించండి.

ఇక ఉద్దానానికి ప్రత్యేకమైన మాట. ఇక్కడి కిడ్నీ జబ్బు చాలామందిలో సుగర్ వల్లా బీపీ వల్లా వచ్చింది కాదు. కారణం ఇదీ అని ఇంకా ఖాయంగా తేలలేదు. శ్రీలంకలో, మధ్య అమెరికాలో ఎండలో పనిచేసే రైతుకూలీల్లో ఇలాంటిదే ఉంది. దీనితో చిక్కేమిటంటే, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపులు రావు, మనిషికి తెలియకుండానే కిడ్నీ సగం పోయి ఉంటుంది. అలాంటి మనిషికి డెంగీ వస్తే పైన చెప్పిన లెక్కలు కొన్ని తారుమారవుతాయి.

పీసీవీనే తీసుకోండి. ప్లాస్మా కారుతుంటే రక్తం చిక్కబడి పీసీవీ పెరగాలి. మామూలు మగమనిషికి 42 ఉన్నది 50 దాటితే ల్యాబులో గంట మోగుతుంది. కిడ్నీ జబ్బు మనిషికి రక్తహీనత ఉంటుంది, ఆయన మామూలు పీసీవీ 28. అది 36 అయిందంటే చాలా కారిపోయినట్టు. కానీ 36 చూసి ఎవరూ ఉలిక్కిపడరు, "రక్తం బాగానే ఉందే" అంటారు. బీపీ కూడా అంతే. రోజూ 160 ఉండే మనిషికి 110 వచ్చిందంటే నార్మల్ కాదు, పడిపోయినట్టు. ఈ మనుషుల పాత రిపోర్టు పక్కన పెట్టుకోకుండా కొత్త రిపోర్టు చదవలేం. ఆశా అమ్మలూ, మీ ఊళ్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల పాత క్రియాటినిన్, పాత హిమోగ్లోబిన్, మామూలు బీపీ ఒక నోటుబుక్కులో ఉంటే వానాకాలంలో అది ప్రాణం కాపాడుతుంది.

వాళ్లు రోజూ వాడే మందులు చూడండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, సుగర్‌కి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్. ఇవి మంచి మందులే. కానీ వాంతులవుతూ, తాగలేక, బీపీ తగ్గుతున్నప్పుడు ఇవే కిడ్నీని ఇబ్బంది పెడతాయి. జ్వరం వచ్చిన రోజే వాళ్ల డాక్టరుకి ఫోన్ చేసి ఏవి ఆపాలో, ఎన్నాళ్లు ఆపాలో అడగండి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు మాత్రం మార్పిడి కోసం వాడే మందులు సొంతంగా ఒక్క పూట కూడా ఆపకూడదు, వాళ్లు జ్వరం మొదటి రోజే తమ సెంటర్‌కి వెళ్లాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు డెంగీ అని ముందే చెబితే, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ లేకుండా డయాలసిస్ చేస్తారు. చెప్పకపోతే మామూలుగా హెపారిన్ ఇచ్చేస్తారు, ప్లేట్‌లెట్లు ముప్పై వేలున్న మనిషికి అది ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

ఇంకొకటి క్లుప్తంగా. జ్వరం, తక్కువ ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ పెరగడం, ఈ మూడూ ఉన్నంత మాత్రాన అది డెంగీ అని తీర్మానించొద్దు. వరి మళ్లలో దిగేవాళ్లకి లెప్టోస్పైరోసిస్, చేలల్లో తుప్పల్లో తిరిగేవాళ్లకి స్క్రబ్ టైఫస్, ఏజెన్సీ వైపు వెళ్లొచ్చినవాళ్లకి మలేరియా, ఇవి కూడా అలాగే ఉంటాయి, కిడ్నీని డెంగీకన్నా తరచుగా దెబ్బతీస్తాయి. కళ్లు పచ్చబడి ఎర్రగా ఉన్నా, జ్వరం ఏడెనిమిది రోజులైనా దిగకపోయినా, చంకలోనో గజ్జలోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కనిపించినా అనుమానించాలి. స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్ అనే చవక మందు ఉంది. డెంగీ అని ముద్ర వేసి ప్లేట్‌లెట్లు లెక్కపెడుతూ కూర్చుంటే ఆ మందు పడాల్సిన రోజులు దాటిపోతాయి.

నా మాట ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

(ఒక గ్రామీణ వైద్యుడు: మీరు చెప్పింది బాగుంది సార్. డైక్లో ఇవ్వనంటే పక్క ఊరు వెళ్లి చేయించుకుంటారు. నా దగ్గరికి మళ్లీ రారు.)

నిజమే. అది మీ కడుపు మీద దెబ్బ, నేను తేలిగ్గా తీసుకోను. ఒక పని చేయండి. ఇక్కడ చుట్టుపక్కల ఊళ్ల వైద్యులు చాలామంది ఉన్నారు. వానలు తగ్గేదాకా జ్వరానికి ఎవరూ డైక్లో వేయొద్దని మీలో మీరు ఒక మాట అనుకోండి. అందరూ మానేస్తే పక్క ఊరు వెళ్లి లాభం ఉండదు. పైగా ఉద్దానంలో "ఇది కిడ్నీకి పడదు" అనే మాటకి ఉన్న బలం ఇంకెక్కడా లేదు. వేరే జిల్లాలో నేను అరగంట చెప్పాల్సింది మీరు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మందుల షాపు వాళ్లు కూడా జ్వరమని వచ్చినవాళ్లకి కాంబినేషన్ మాత్ర ఇచ్చే ముందు స్ట్రిప్పు వెనక చదవాలి. పారాసిటమాల్ అనుకుని అమ్మేవాటిలో ఎసిక్లోఫెనాక్ కలిసినవి చాలా ఉన్నాయి.

(ఒక ఆశా కార్యకర్త: క్రియాటినిన్ ఎక్కువున్న వాళ్లకి డెంగీ వస్తే కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చా సార్? మా ఊళ్లో అందరూ అవే తాగిస్తారు. బొప్పాయి ఆకు రసం కూడా.)

మంచి ప్రశ్న అమ్మా, కోనసీమ తర్వాత కొబ్బరికి ఉద్దానమే కదా, అవి కాక ఏం తాగుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లు తాగొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి వద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ. మూత్రం తగ్గిన మనిషిలో అది బయటికి పోదు, రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. పండ్ల రసాలూ అంతే. వాళ్లకి ఏ ద్రవం, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి, ఎందుకంటే తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే. బొప్పాయి ఆకు రసం మీద చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి, ప్లేట్‌లెట్ల అంకె కాస్త ముందు పెరగొచ్చని. ప్రాణం కాపాడుతుందని గానీ కిడ్నీని కాపాడుతుందని గానీ రుజువు లేదు. ఆ చేదుకి వాంతి చేసుకుని, తాగిన ఓఆర్ఎస్ కూడా కక్కేసేవాళ్లను చూశాను. నేనైతే ఇవ్వను.

(వెనక నుంచి ఒకరు: డయాలసిస్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయించుకోవాలంటారు. అందుకని మావాళ్లు వద్దని తీసుకొచ్చేశారు సార్.)

ఆ భయం ఇక్కడ ఎందుకుందో నాకు తెలుసు. మీరు చూసిన డయాలసిస్ అంతా పూర్తిగా పాడైన కిడ్నీలకి. వారానికి రెండు మూడు సార్లు, ఏళ్ల తరబడి. డెంగీలో దెబ్బతినేది అప్పటిదాకా పనిచేసిన కిడ్నీ. దానికి కోలుకునే శక్తి ఉంది. అది కోలుకునేదాకా పొటాషియం పెరగకుండా, నీరు ఊపిరితిత్తుల్లో నిండకుండా మనిషిని నిలబెట్టడానికే డయాలసిస్. బతికి బయటపడినవాళ్లలో ఎక్కువమందికి కొద్ది రోజుల్లోనో వారాల్లోనో ఆగిపోతుంది. ముందు నుంచే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి ఆగకపోవచ్చు, అది దాచను. కానీ అలా ఆగనిది డయాలసిస్ మొదలుపెట్టినందుకు కాదు, లోపల జబ్బు అంతదాకా ముదిరినందుకు. మీవాళ్లు ఇప్పుడెలా ఉన్నారు? ఆయాసం ఉందా? ఇక్కడి నుంచి వెళ్లగానే నన్ను కలవండి, ఇవాళే.

(ఒక మందుల షాపు యజమాని: డిశ్చార్జి అయ్యాక ఏం చూడాలి సార్?)

ఇంటికి వెళ్లాక వారం పది రోజుల్లో ఒకసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష. మళ్లీ మూడు నెలలకి ఒకసారి. మూడు నెలలది ఎవరూ చేయించుకోరు, ఎందుకంటే అప్పటికి మనిషి బాగుంటాడు. మూత్రంలో ప్రొటీన్ గానీ రక్త కణాలు గానీ అప్పటికీ పోతుంటే కిడ్నీ డాక్టరుకి చూపించాలి. నీరసం తగ్గడానికని ఏవేవో పసర్లు, భస్మాలు ఆ మూడు నెలల్లో వద్దు. ఒంటి నొప్పులు చాలా రోజులు ఉంటాయి, వాటి కోసం మళ్లీ మీ షాపుకే వస్తారు. అప్పుడు కూడా పారాసిటమాలే.

ఒకటి చెప్పడం మరిచాను. మీరు ఎవరినైనా పెద్ద ఆస్పత్రికి పంపేటప్పుడు చీటీ మీద నాలుగు సంగతులు రాయండి. జ్వరం ఏ తేదీన మొదలైంది. ఎప్పుడు దిగింది. ఆఖరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది. మీరు ఏ ఇంజెక్షన్లు, ఎన్ని బాటిళ్లు ఇచ్చారు. డైక్లో ఇచ్చి ఉంటే అది కూడా రాయండి, ఎవరూ మిమ్మల్ని పిలిచి తిట్టరు. ఆ చీటీ చేతిలో ఉంటే క్యాజువాలిటీలో మాకు గంట కలిసొస్తుంది.